సాక్షులు చెదిరిన సంవత్సరం: ఒక కన్సల్టింగ్ సంస్థ పునర్వ్యవస్థీకరణపై కేస్ స్టడీ

ఈ కేసు ఒక అంతర్జాతీయ కన్సల్టింగ్ సంస్థకు హైదరాబాద్‌లో ఉన్న కేంద్రానికి సంబంధించినది. అక్కడి డేటా అనలిటిక్స్ ప్రాక్టీస్ (ఒకే నైపుణ్యం ఉన్నవారి విభాగం) అన్ని రంగాల క్లయింట్లకూ ఒకే జట్టుగా పనిచేసేది. ఒక ఆర్థిక సంవత్సరం మొదటి రోజు నుంచి ఆ ప్రాక్టీస్‌ను రద్దు చేసి, అందులోని వారిని బ్యాంకింగ్, ఆరోగ్యం-బీమా, వినియోగ వస్తువులు, ప్రభుత్వ రంగం అనే నాలుగు పరిశ్రమ విభాగాల్లోకి పంచారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి జీతమూ తగ్గలేదు, చాలామంది కూర్చునే బల్ల కూడా మారలేదు. అయినా ఆ తరువాతి మూల్యాంకన చక్రంలో వచ్చిన ఫలితాలు ఆ మనుషుల పనితీరుతో పొంతన లేకుండా వచ్చాయి. ఎందుకు వచ్చాయో, వాటిని సరిదిద్దడానికి ఏం చేశామో ఇక్కడ రాస్తున్నాను.

మార్పిడి జరిగిన తొలి ఆరు నెలల తరువాత నేను ఈ పనిలోకి వచ్చాను. ఎవరు ఏ ప్రాజెక్టు మీద ఉన్నారు, ఎవరి కౌన్సెలర్ (ఏడాది చివర వారి తరఫున మాట్లాడవలసిన మనిషి) ఎవరు, ప్రమోషన్ జాబితా ఎలా తయారవుతోంది అనే విషయాలన్నీ ప్రాక్టీస్ ఆపరేషన్స్ తరఫున నా బాధ్యతలోకి వచ్చేవి. సంస్థను గానీ, మనుషులను గానీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మిగిలినది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

కన్సల్టింగ్ సంస్థలు తమ నిర్మాణాన్ని మార్చుకోవడం ఈ వృత్తిలో ఋతువుల్లాగా వచ్చిపోయే వ్యవహారం. 2000లో ఎర్నెస్ట్ అండ్ యంగ్ తన కన్సల్టింగ్ వ్యాపారాన్ని క్యాప్ జెమినీకి అమ్మింది. అదే ఏడాది ఆగస్టులో మధ్యవర్తిత్వ తీర్పుతో ఆర్థర్ ఆండర్సన్ నుంచి తెగతెంపులు చేసుకున్న ఆండర్సన్ కన్సల్టింగ్ 2001 జనవరి 1 నుంచి యాక్సెంచర్ అయింది. 2002లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ తన కన్సల్టింగ్ విభాగాన్ని సుమారు 350 కోట్ల డాలర్లకు ఐబీఎంకు అమ్మినప్పుడు దాదాపు 30,000 మంది ఒక భాగస్వామ్య సంస్థ పద్ధతుల నుంచి ఒక కార్పొరేట్ కంపెనీ పద్ధతుల్లోకి మారవలసి వచ్చింది. ఎన్రాన్ అనే అమెరికన్ ఇంధన కంపెనీ ఖాతాల మోసం బయటపడిన తరువాత అమెరికా 2002లో తెచ్చిన సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం, ఆడిట్ చేసే క్లయింటుకే పలు రకాల సలహా సేవలు అమ్మడాన్ని నిషేధించింది. అప్పుడు వదిలించుకున్న కన్సల్టింగ్ వ్యాపారాన్ని ఆ సంస్థలే తరువాతి ఏళ్లలో మళ్లీ మొదటి నుంచి పెంచుకున్నాయి.

ఈ మధ్య వచ్చిన మార్పులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆడిట్‌నూ కన్సల్టింగ్‌నూ విడదీసే ‘ప్రాజెక్ట్ ఎవరెస్ట్’ను భాగస్వాముల ఓటింగ్‌కు పెడతామని ఈవై (ఎర్నెస్ట్ అండ్ యంగ్) నాయకత్వం 2022 సెప్టెంబరు 8న ప్రకటించింది. పన్నుల విభాగంలో ఎంత భాగం ఎటు పోవాలన్న దగ్గర అమెరికా శాఖతో పేచీ తెగక, 2023 ఏప్రిల్ 11న దాన్ని ఆపేసింది. డెలాయిట్ 2024లో తన ఐదు విభాగాలను నాలుగుకు కుదించే పని మొదలుపెట్టింది. పీడబ్ల్యూసీ (ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్) అమెరికా శాఖ 2021లో రెండు విభాగాలుగా మారి, 2024లో మళ్లీ ఆడిట్, పన్నులు, సలహా సేవలు అనే మూడింటికి తిరిగి వచ్చింది. యాక్సెంచర్ 2025 సెప్టెంబరు 1 నుంచి వ్యూహం, కన్సల్టింగ్, టెక్నాలజీ, ఆపరేషన్స్ మొదలైన సేవలన్నిటినీ ‘రీఇన్వెన్షన్ సర్వీసెస్’ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఈ సంస్థలన్నిటికీ హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి కనుక, న్యూయార్క్‌లోనో లండన్‌లోనో గీసిన గీత ఏదైనా కొద్ది వారాల్లో మాదాపూర్‌కూ గచ్చిబౌలికీ చేరుతుంది.

ఎవరెస్ట్ గురించి అప్పుడు పత్రికల్లో వచ్చిన కథనాలు ఎక్కువగా భాగస్వాములకు ఎంత దక్కుతుందన్న దాని చుట్టూ తిరిగాయి: ఆడిట్ వైపు వారికి ఏడాది ఆదాయానికి రెండు నుంచి నాలుగు రెట్లు నగదు, కన్సల్టింగ్ వైపు వారికి ఏడు నుంచి తొమ్మిది రెట్ల విలువైన షేర్లు అన్న లెక్కలు అందులో ఉండేవి. కింది స్థాయిలో ఉన్నవారికి ఆ లెక్కలతో పనిలేదు. ఆ ఏడు నెలలూ వారు తెలుసుకోవాలనుకున్నది వేరే విషయం: ఏ వైపు పడతాం, పడ్డాక మనల్ని ఎరిగినవాడు అక్కడ ఉంటాడా?

పని విలువ ఎక్కడ నమోదవుతుంది

ఈ ప్రశ్న ఎందుకంత బరువైనదో తెలియాలంటే కన్సల్టింగ్ ఉద్యోగి పని ఎక్కడ నమోదవుతుందో చూడాలి. ఫ్యాక్టరీలో తయారైన వస్తువు కనబడుతుంది; సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొడక్ట్ మిగులుతుంది. కన్సల్టెంట్ చేసిన పని ప్రాజెక్టు ముగియగానే క్లయింటు సొత్తవుతుంది, చాలాసార్లు గోప్యత ఒప్పందం కారణంగా దాన్ని బయట చూపించడానికి కూడా వీలుండదు. మిగిలేది ఒక సంఖ్య, కొందరి జ్ఞాపకం. సంఖ్య అంటే యూటిలైజేషన్, అంటే పనికి అందుబాటులో ఉన్న గంటల్లో క్లయింటుకు బిల్లు వేసిన గంటల శాతం. జ్ఞాపకం అంటే ప్రాజెక్టు మేనేజర్‌కూ, ఒకరిద్దరు పార్ట్‌నర్లకూ (సంస్థ భాగస్వాములకూ), ఏడాది చివరి సమావేశంలో మన తరఫున మాట్లాడవలసిన కౌన్సెలర్‌కూ మన గురించి గుర్తున్నది.

ఈ రెండింటిలో సంఖ్య గొప్పదని పైకి అందరూ అంటారు. సమావేశ గదిలో కూర్చున్నవారికి జ్ఞాపకమే గొప్పదని తెలుసు. “ఆ అమ్మాయి లేకపోతే ఆ ప్రాజెక్టు మునిగిపోయేది” అని ఒక పార్ట్‌నర్ గట్టిగా అన్నాడంటే యూటిలైజేషన్ పది శాతం తక్కువున్నా కేసు నిలబడుతుంది. ఎవరూ ఏమీ అనకపోతే వంద శాతం ఉన్నా నిలబడదు. ఈ పద్ధతి న్యాయమైనదని నేను అనను. అయితే మనుషుల తీర్పును అమ్ముకునే వ్యాపారంలో మనుషుల గురించి కూడా తీర్పులే చలామణీ అవుతాయి, దానికి పూర్తి ప్రత్యామ్నాయం నాకు ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు.

పునర్వ్యవస్థీకరణ ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది: సంఖ్య తప్పుతుంది, సాక్షులు చెదిరిపోతారు. ఈ కేసులో నేను చెప్పదలచిన విషయమంతా ఇదే.

ఇందులో పార్ట్‌నర్ల స్వార్థం పాత్ర కూడా ఉంది, దాన్ని దాచవలసిన అవసరం లేదు. పాత ప్రాక్టీస్‌లో లాభనష్టాల ఖాతా ఒకటే. ఒక పార్ట్‌నర్ తన మంచి మనిషిని పక్క ప్రాజెక్టుకు ఆర్నెల్లు అరువిచ్చినా లాభం తిరిగి అదే కుండలోకి వచ్చేది. ఖాతాలు నాలుగయ్యాక ఆ అరువు ఆగిపోయింది. కొత్త నిర్మాణం ప్రకటించిన నాటికీ అది అమల్లోకి వచ్చిన నాటికీ మధ్య ఉన్న నెలల్లో, మంచి పేరున్నవారి రోల్ ఆఫ్ తేదీలు, అంటే ప్రాజెక్టు నుంచి బయటికి వచ్చే తేదీలు, ఏదో ఒక కారణంతో వాయిదా పడుతూ వచ్చాయి. పంపకంలో వారు తమ విభాగానికే దక్కాలన్నది ఆ వాయిదాల వెనకున్న ఉద్దేశం. పేరు ఇంకా రానివారు, అప్పుడే చేరినవారు, సెలవులో ఉన్నవారు మాత్రం ఖాళీ ఎక్కడుంటే అక్కడికి సర్దుబాటయ్యారు.

సంఖ్య ఎలా తప్పింది

మొదటి దెబ్బ చార్జ్ కోడ్ల రూపంలో వచ్చింది. ఈ వృత్తిలో గడిపిన ప్రతి గంటకూ ఒక కోడ్ ఉండాలి: క్లయింటు పనికి ఒకటి, ప్రపోజల్ రాయడానికి ఒకటి, శిక్షణకు ఒకటి, సెలవుకు ఒకటి. పాత ప్రాక్టీస్ రద్దయిన అర్ధరాత్రి దాని అంతర్గత కోడ్లన్నీ మూతపడ్డాయి. కొత్త విభాగాల కోడ్లు తెరవవలసింది అమెరికాలో ఉన్న ఫైనాన్స్ బృందాలు. టైమ్‌షీట్ గడువు శుక్రవారం సాయంత్రం 6 గంటలు. హైదరాబాద్‌లో అప్పుడు 6 అయితే న్యూయార్క్‌లో వేసవి కాలమానం ప్రకారం ఉదయం 8:30. కోడ్ తెరవవలసిన మనిషి ఇంకా ఆఫీసుకు కూడా రాని వేళ. టైమ్‌షీట్ ఆలస్యమైతే ఆ తప్పు మళ్లీ ఉద్యోగి ఖాతాలోనే పడుతుంది కనుక అందరూ చేతికి దొరికిన కోడ్‌లో గంటలు నింపి పంపేశారు. ఆ దొరికిన కోడ్ పేరు ‘అనాసైన్డ్’, అంటే కేటాయింపు లేని సమయం.

“అన్నా, వారానికి యాభై గంటలు పనిచేస్తున్నా. సిస్టమ్‌లో చూస్తే బెంచ్ మీద ఉన్నట్టు చూపిస్తోంది. తరువాత సరిచేస్తారు కదా?” అని ఒక కుర్రాడు మా రిసోర్స్ మేనేజర్‌ను అడిగాడు. సరిచేస్తామనే ఆయన చెప్పాడు, ఆ మాట నిజమనే నమ్మాడు కూడా. క్లయింటు బిల్లుకు సంబంధించిన గంటలను తరువాత నిజంగానే సరిచేశారు, ఎందుకంటే వాటి వెనక డబ్బుంది. ప్రపోజళ్ల మీద, పాత ప్రాజెక్టు చివరి అప్పగింతల మీద గడిపిన గంటలను సవరించాలంటే రెండు విభాగాల ఫైనాన్స్ వారి ఆమోదం కావాలి. ఏ విభాగమూ ఇంకో విభాగం ఖర్చును తన మీద వేసుకోదు కనుక అవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఏడాది చివర నివేదిక తీసినప్పుడు ఆ మొదటి వారాల లోటు ఎవరికీ లోటుగా కనబడలేదు. తక్కువ యూటిలైజేషన్‌గా కనబడింది. నివేదికలో సగటు ఒక్కటే ఉంటుంది, ఆ సగటు ఎందుకు పడిపోయిందో రాసే గడి ఉండదు.

రెండు నిమిషాల చర్చ

ఇక జ్ఞాపకం సంగతి. ఒక మనిషి కేసు దగ్గరగా చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది.

ఆమె సీనియర్ కన్సల్టెంట్, మేనేజర్ ప్రమోషన్‌కు సిద్ధంగా ఉంది. విలీనమవుతున్న రెండు అమెరికన్ బ్యాంకుల ఖాతాదారుల వివరాలను ఒక వ్యవస్థలోకి తెచ్చే ప్రాజెక్టులో అంతకు ముందు ఏడాది పనిచేసింది. ఉమ్మడి ఖాతాలున్న దంపతులను రెండు బ్యాంకుల పట్టికలు వేర్వేరు పద్ధతుల్లో లెక్కిస్తున్నాయనీ, అలాగే కలిపేస్తే కొన్ని రుణాలు రెండుసార్లు నమోదవుతాయనీ పరీక్షల దశలోనే పట్టుకుంది. అప్పటికి క్లయింటు బృందం ఆ పట్టికలకు ఆమోదం ఇచ్చేసింది. ఆమె రెండు రాత్రులు కూర్చుని యాభై ఖాతాలను చేత్తో సరిపోల్చి, తేలినదాన్ని ఒక్క పేజీలో రాసి పార్ట్‌నర్ చేతిలో పెట్టింది. విలీనం తేదీ రెండు వారాలు వాయిదా పడింది, క్లయింటు ఆ సంస్థతో ఒప్పందం పొడిగించుకుంది. ఇదంతా తెలిసినవారు ఇద్దరే: ఆ పార్ట్‌నర్, అప్పటి ఆమె కౌన్సెలర్. పంపకంలో ఆ ఇద్దరూ బ్యాంకింగ్ విభాగానికి వెళ్లారు. ప్రకటన వెలువడిన రోజున ఒక ఆస్పత్రి ప్రాజెక్టు మీద ఉండటంతో, ఆమె ఆరోగ్య-బీమా విభాగంలో పడింది.

ప్రమోషన్ల సమావేశం సాయంత్రం ఏడున్నరకు మొదలైంది. గదిలో కొందరు, తెర మీద అమెరికా నుంచి కొందరు. తెర మీద ఒక ఎక్సెల్ పట్టిక, ఒక్కొక్కరికీ ఒక వరుస: పేరు, హోదా, యూటిలైజేషన్, గత రేటింగ్, కౌన్సెలర్ సిఫార్సు. ఆమె వరుస వచ్చినప్పుడు కొత్త కౌన్సెలర్ నిజాయితీగానే మాట్లాడాడు. “ఫీడ్‌బ్యాక్ బాగుంది. క్లయింటు సంతోషంగా ఉన్నారు. నేను ఆమెతో నేరుగా పనిచేయలేదు” అన్నాడు. తెర మీద నుంచి ఒక పార్ట్‌నర్ యూటిలైజేషన్ గడి చూసి, “మొదటి క్వార్టర్‌లో చాలా రోజులు ఖాళీగా ఉన్నట్టుంది?” అని అడిగాడు. అది చార్జ్ కోడ్ల గొడవ అని తెలిసినవారు గదిలో లేరు. “వచ్చే ఏడాది బలమైన కేసు అవుతుంది” అన్నారు ఇంకెవరో. తరువాతి వరుసకు వెళ్లిపోయారు. ఆమె మీద నడిచిన చర్చ రెండు నిమిషాలకు మించలేదు. ఆ ఒక్క పేజీ సంగతి తెలిసిన పార్ట్‌నర్ అదే సమయంలో, అదే అంతస్తులో, నడవా చివరి గదిలో, బ్యాంకింగ్ విభాగం జాబితా మీద కూర్చుని ఉన్నాడు.

ఆ గదిలో ఎవరూ దురుద్దేశంతో ప్రవర్తించలేదు. ప్రతి ఒక్కరూ తమకు తెలిసినంత వరకే చెప్పారు, తెలియనిదాన్ని కల్పించలేదు. ఈ కేసులో అసలు చిక్కు కూడా అదే: నిందించడానికి మనిషి దొరకడు కనుక సరిదిద్దాలన్న ఒత్తిడి కూడా ఎవరి మీదా పడదు.

ఇలాంటి కేసులను ఆ తరువాత ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఒక పోలిక కనబడింది. పాత ప్రాజెక్టు మీదే కొనసాగుతూ విభాగం మారినవారికి పెద్ద నష్టం జరగలేదు, ఎందుకంటే ప్రాజెక్టు మేనేజర్ అలాగే ఉన్నాడు. కౌన్సెలర్, ప్రాజెక్టు రెండూ ఒకే చక్రంలో మారినవారికే దెబ్బ తగిలింది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ప్రసూతి సెలవులో ఉన్నవారు. 2017 సవరణ తరువాత చట్టం ప్రకారం ఆ సెలవు 26 వారాలు, అంటే మూల్యాంకన చక్రంలో సరిగ్గా సగం. ఒకామె సెలవుకు వెళ్లిన ప్రాక్టీసే తిరిగి వచ్చేసరికి లేదు. కొత్త కౌన్సెలర్ పేరు సిస్టమ్‌లో చూసి తెలుసుకుంది, ఆయనకు ఆమె సెలవులో ఉన్నట్టు కూడా తెలియదు. నిబంధనల ప్రకారం ఆమె రేటింగ్‌కు రక్షణ ఉంది, గత ఏడాది రేటింగే కొనసాగుతుంది. కానీ ప్రమోషన్‌కు కావలసింది రేటింగ్ ఒక్కటే కాదు, మాట్లాడే మనిషి.

మన దగ్గర నోటీసు పీరియడ్ సాధారణంగా 90 రోజులు. కొత్త నిర్మాణం మీద వదంతులు మొదలైన నెలలో రాజీనామా చేసినవాడు ఏడాది చివరి సమావేశాల నాటికి సంస్థలో ఉండడు. బయట గిరాకీ ఉన్న మేనేజర్లే ముందుగా వెళ్తారు కనుక, చెదిరిన సాక్షుల్లో మంచివారు కొందరు సంస్థలోనే లేకుండా పోయారు.

అమెరికాలో ఉన్నవారి లెక్క

ఇదే ప్రాక్టీస్ నుంచి అమెరికాకు బదిలీ అయి, క్లయింటు నగరాల్లో ఉంటున్న తెలుగువారి భయం ఇంకో రకమైనది. ఇక్కడ ప్రమోషన్ తప్పితే ఏడాది పోతుంది. అక్కడ హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అందుకే పునర్వ్యవస్థీకరణ అనే మాట వినగానే వాళ్లు మా కంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు ఫోన్ చేస్తారు. విభాగం పేరు మారినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు. పనిచేసే చోటు మారి వేరే మహానగర ప్రాంతానికి వెళ్లవలసి వస్తే మాత్రం సవరించిన పిటిషన్ వేయాలని 2015 నుంచి స్పష్టంగా ఉంది. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టైన పెర్మ్ దశలో ఉన్నవారి సంగతి ఇంకా సున్నితమైనది, ఎందుకంటే అందులో రాసిన హోదా, చేసే పని గణనీయంగా మారితే ఆ ప్రక్రియను మళ్లీ మొదటి నుంచి నడపవలసి రావచ్చు.

కొత్త నిర్మాణంలో హోదాల పేర్లను ఏకరీతి చేయాలని పై నుంచి నిర్ణయం వచ్చింది. ఆ జాబితా గీసినవారికి ఒక అనలిటిక్స్ మేనేజర్‌ను ఇండస్ట్రీ మేనేజర్ అని పిలవడం పెద్ద విషయంగా తోచలేదు. పెర్మ్ దరఖాస్తు మధ్యలో ఉన్న మనిషికి అది రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం. చివరికి దరఖాస్తు నడుస్తున్నవారి హోదాను అది పూర్తయ్యే వరకు మార్చకుండా ఉంచాలన్న మినహాయింపు తెచ్చుకున్నాం. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ అడ్డు చెప్పకుండా ఒప్పుకున్న మార్పు ఇదొక్కటే, దానికి కారణం లాయర్లే ముందుగా అడగడం.

మేం చేసిన మార్పులు

మొదట చేసిన పని చిన్నది. కొత్త నిర్మాణం అమలైన తొలి రెండు నెలల గంటలను మూల్యాంకన నివేదికలో సగటు నుంచి పూర్తిగా తీసేయించాం. ఆ గంటలు బిల్లు లెక్కల్లో ఉంటాయి, మనిషి లెక్కలో ఉండవు. ఫైనాన్స్ వారు దీన్ని పెద్దగా వ్యతిరేకించలేదు, ఎందుకంటే ఆ రెండు నెలల అంకెలను వారే నమ్మడం లేదు.

రెండోది చాలా కష్టపడి సాధించినది. విభాగం మారే ప్రతి ఉద్యోగి గురించీ పాత కౌన్సెలర్ మారకముందే ఒక పని అప్పగింత పత్రం రాయాలి. ఇది మూల్యాంకనం కాదు, ఇందులో రేటింగ్ ఉండకూడదు. ఈ మనిషి లేకపోతే జరగకుండా పోయే పని ఏదైనా చేశాడా, చేస్తే అది ఏ నెలలో, ఏ ప్రాజెక్టులో, ఎవరు చూశారు అన్నది రాయాలి. ఎక్కడ తడబడ్డాడు, దాన్ని ఎలా దిద్దుకున్నాడు అన్నది రాయాలి. పై హోదాలో చేయవలసిన పని ఏదైనా ఇప్పటికే ఒక్కసారైనా చేసి చూపించాడా అన్నదీ రాయాలి. రెండు పేజీలు దాటకూడదు.

మొదటి విడతలో వచ్చిన పత్రాలు చదివితే నీరసం వచ్చింది. “మంచి టీమ్ ప్లేయర్, ఓనర్‌షిప్ తీసుకుంటాడు, కమ్యూనికేషన్ స్కిల్స్ బాగున్నాయి” అని ఒకే పేరా ముగ్గురి పత్రాల్లో పేరు మాత్రం మారి వచ్చింది. అలాంటివాటిని వెనక్కి పంపడం మొదలుపెట్టాం. ఒక సీనియర్ మేనేజర్ చిరాకుపడి, “మేడమ్, నాకు పన్నెండు మంది ఉన్నారు, ఒక్కొక్కరి మీద కథ రాయమంటే ఎట్లా?” అన్నాడు. “కథ వద్దండీ, ఒక్క సంఘటన రాయండి చాలు” అన్నాను. రెండో విడత మెరుగ్గా వచ్చింది. ఒక పత్రంలో, బీమా క్లెయిముల నమూనాలో ఒక రాష్ట్రం వివరాలు పొరపాటున వదిలేశారని కుర్రాడు గమనించి, క్లయింటు ముందు సీనియర్ పరువు పోకుండా మీటింగుకు పది నిమిషాల ముందు సీనియర్‌కే చెప్పాడని రాశారు. మేనేజర్ కాదగిన లక్షణం ఉందా అని వెతికేవాడికి రేటింగ్ అంకె కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ చెబుతుంది.

మూడోది, పాత కౌన్సెలర్ ఒక చక్రం పాటు కొత్త విభాగం సమావేశానికి హాజరు కావాలి. మాట ఉంటుంది, ఓటు ఉండదు. సమావేశాలన్నీ ఒకే సాయంత్రం జరిగితే ఇది సాధ్యం కాదు కనుక విభాగాలవారీగా వేర్వేరు రోజులకు జరిపించాం. అమెరికా పార్ట్‌నర్లకు ఇది కష్టమైంది, ఎందుకంటే వారికి అదే వారంలో అక్కడి జాబితాలు కూడా ఉంటాయి. తేదీలను కదపడం అన్నిటికంటే తేలికైన పని అనుకుంటాం గానీ, ఈ కేసులో అత్యధిక ఈమెయిళ్లు నడిచింది దాని మీదే.

ఫలితం

పైన చెప్పిన సీనియర్ కన్సల్టెంట్ తరువాతి చక్రంలో మేనేజర్ అయింది. ఆమె పత్రంలో ఆ యాభై ఖాతాల పేజీ ప్రస్తావన ఉంది. పాత పార్ట్‌నర్ సమావేశానికి వచ్చి నాలుగు మాటలు చెప్పాడు. ఒక ఏడాది ఆలస్యమైన ప్రమోషన్‌కు ఆ ఏడాది జీతం తేడా ఎవరూ ఇవ్వరు. ఆమె దాన్ని అడగలేదు, మేం ఇవ్వగలిగిన స్థితిలోనూ లేం. సెలవు నుంచి తిరిగి వచ్చినామె పత్రం కోసం వెతికితే, అది రాయవలసిన మేనేజర్ అప్పటికే సంస్థ వదిలి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో క్లయింటు వైపు నుంచి ఒక ఈమెయిలు తెప్పించగలిగాం, దాని బలం అంతంత మాత్రమే. ఆమె ఇంకా పాత హోదాలోనే ఉంది.

మొత్తం మీద చూస్తే కౌన్సెలర్, ప్రాజెక్టు రెండూ మారినవారి కేసులు రెండో చక్రంలో ఒక్క వాక్యంతో తేలిపోవడం తగ్గింది. ప్రమోషన్లు పెరిగాయని నేను అనను, ఎందుకంటే ఎన్ని ప్రమోషన్లు ఇవ్వాలన్నది ఆ ఏడాది వ్యాపారం నిర్ణయిస్తుంది, మా పత్రాలు కాదు. మారిందల్లా ఎవరికి రాలేదన్న నిర్ణయం ఏ ఆధారంతో జరిగిందన్నదే. పార్ట్‌నర్లలో కొందరు దీన్ని గుర్తించారు. ఇంకొందరు ఇది మనుషులను దాచుకునే కొత్త ఎత్తుగడ అన్నారు, ఆ మాటలోనూ కొంత నిజముంది: మంచి పత్రం రాస్తే ఆ మనిషిని వేరే విభాగం లాక్కుంటుందన్న భయంతో కావాలనే చప్పగా రాసినవి రెండు మూడు మా కంట పడ్డాయి.

తెగని విషయం ఇంకొకటి మిగిలింది. ఈ పత్రాన్ని ఉద్యోగికి చూపించాలా వద్దా? చూపించాలని నా వాదన. తన గురించి రాసిన సంఘటన తప్పైతే దాన్ని దిద్దగలిగేది అతనొక్కడే, పైగా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనిషికి తన సమాచారాన్ని చూసి సరిదిద్దుకునే హక్కు ఉందనే చెబుతోంది. చూపిస్తామంటే తడబాటు గురించి ఎవరూ నిజం రాయరని పార్ట్‌నర్ల వాదన, న్యాయ విభాగం కూడా వారి వైపే మొగ్గింది. ప్రస్తుతానికి రాజీ ఇది: మొదటి, మూడో ప్రశ్నల జవాబులను ఉద్యోగి చదివి తన పేరా ఒకటి జతచేయవచ్చు, తడబాటు గురించిన రెండో ప్రశ్న జవాబు కొత్త కౌన్సెలర్‌కు మాత్రమే వెళ్తుంది. వచ్చే ఆర్థిక సంవత్సరంలో ఆరోగ్య-బీమా విభాగాన్ని మళ్లీ రెండుగా విడదీయాలన్న ప్రతిపాదన ఇప్పటికే పైన చర్చలో ఉంది. ఆ జాబితా రాకముందే పత్రాలు పూర్తి కావాలని కౌన్సెలర్లందరికీ గడువు తేదీ పంపాం, సగం మంది నుంచి ఇంకా జవాబు రాలేదు.